పాల లెక్క

గాజువాకలో సెకండ్ షో.
కారం పల్లీల పొట్లం
నాకూ నూకరత్నం పిన్నికీ మధ్య.
తెర మీద ఆరుగురు టూరిస్టులు.
సబ్‌మెరైన్ ముందు ఫోటోలు దిగి
బీచిరోడ్డులో మొక్కజొన్న పొత్తులు కొరికి
"ఇవన్నీ అందరూ చూసేవే బ్రో,
ఎవరూ చూడనిది చూద్దాం" అనుకుని
జీపెక్కి మా ఊరొస్తున్నారు.

మా ఊరంటే చింతలగెడ్డ కాలనీ.
సినిమాలో దానికి పేరు లేదు.
"ఆ చోటు" అంటాడు డ్రైవరు, గొంతు తగ్గించి,
చీకటి పడితే అటు ఎవరూ పోరంటాడు.
పిన్ని నా మోచెయ్యి పొడిచింది:
"పగలు మాత్రం పోనిస్తన్నారేటి?
గేటు కాడ గార్డు కాయితం అడుగుతాడు."

గేటు దానంతటదే తెరుచుకుంది.
హాలంతా కెవ్వుమంది.
ఆ గేటు ఎప్పుడూ అంతే.
కింది బందు ఊడిపోయి ఏళ్లయింది,
రాయి అడ్డం పెట్టేవాళ్లం.
రాయి తీసేసినట్టున్నారు.

ఫ్యాక్టరీ గొట్టం లోంచి పొగ దిగింది
ఆకుపచ్చగా, పాములా, వీధి వెంట వెతుక్కుంటూ.
మాకొచ్చినదానికి రంగు లేదు.
ముగ్గిన పనసపండు వాసన
అని చెప్పింది బతికినవాళ్లలో ఒకామె.
ఎవరి పెరట్లో కాయ పండిందో అనుకుందట,
పొద్దున్నే అడుగుదామనుకుందట.

ఇక దెయ్యం.
తెల్ల చీర, విరబోసిన జుట్టు,
వీధి ఈ చివర నుంచి ఆ చివరకి
దబదబా తలుపులు బాదుకుంటూ వస్తోంది.
టూరిస్టులు మంచం కింద.
పక్క సీటు కుర్రాడు కాళ్లు పైకి లాక్కున్నాడు.

మా వరసలో తెల్ల చీర కట్టే మనిషి ఒక్కర్తే.
మరియమ్మ టీచరు.
ఆ రాత్రి తలుపులు కొట్టింది ఆవిడే.
ముక్కుకి కొంగు అడ్డం పెట్టుకుని
"లెగండి, గాలికి ఎదురు పరుగెత్తండి" అంటూ
తొమ్మిది తలుపులు కొట్టింది.
తీసినవాళ్లు తీసినట్టు కొండెక్కారు.
తొమ్మిదో తలుపుకీ పదో తలుపుకీ మధ్య కొళాయి.
అక్కడ కూలబడింది.

పదో తలుపు మాది.

నేనప్పుడు బీచిరోడ్డు హోటల్లో నైట్ డ్యూటీ.
ఉతికొచ్చిన తువ్వాళ్లు, ఇంకా చెమ్మ ఆరనివి,
టూరిస్టుల మంచాల మీద పెట్టడానికి
హంసల్లా మడుస్తున్నాను.
తడిగుడ్డ ముక్కుకి కట్టుకుంటే చాలట.
అరవై హంసలు మడిచాను ఆ రాత్రి.

తెర మీద తలుపు ఇంకా మోగుతూనే ఉంది.
"తియ్యండర్రా!" అని అరిచాను.
హాలంతా నవ్వింది.
బాల్కనీ లోంచి ఎవడో ఈలేశాడు.

తలుపు విరిగిపడింది. ఎవరో చచ్చారు.
నేను చూడలేదు.
కెమెరా వాళ్ల వెనక గోడ మీదికి పోయింది కదా,
అక్కడ మా క్యాలెండరుంది.
సినిమావాళ్లు ఉయ్యాల తెచ్చి కట్టారు, సాలెగూళ్లు తెచ్చి అంటించారు,
దాన్ని మాత్రం ముట్టుకోలేదు.
ఫిబ్రవరి.
అమ్మ పెన్సిలు గీతలు, రోజుకొకటి, అరలీటరుకి.
తొమ్మిదో తారీకున రెండు, మేనత్త వచ్చిన రోజు.
పదకొండు దాకా ఉన్నాయి.
పన్నెండు గడి తెల్లగా ఉంది.

రెండు సెకన్లు ఉంటుందేమో ఆ షాటు.
దానికోసం మళ్లీ వస్తాను రేపు,
ఎల్లుండి కూడా, ఆడినన్నాళ్లూ.

బయట చలిగాలి.
ఆటోలో పిన్ని చాలాసేపు మాట్లాడలేదు.
తర్వాత, "గుంటా, నువ్వూ చూసావేటి?" అంది.
"ఊఁ."
"అసిరయ్యకి ఆ డబ్బులు ఇచ్చేవేటి?"
అసిరయ్య ఇప్పుడు కూర్మన్నపాలెంలో
ఏదో అపార్టుమెంటుకి వాచ్‌మన్.
గేదెలు ఆ రాత్రి కట్టుగొయ్యల దగ్గరే పోయాయి.

వేళ్ల మీద లెక్క పెట్టింది పిన్ని.
పన్నెండు అరలీటర్లు. అంటే ఆరు లీటర్లు.
"అప్పటి రేటా, ఇప్పటి రేటా?"
స్టీల్‌ప్లాంటు రోడ్డు దాటేదాకా
ఇద్దరికీ తెగలేదు.